గంగాబొండం చెట్టు కింది తామ్రయుగ మానవుడు

చరిత్ర నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. నేనే దానికి చేశాను. అయినా చరిత్రది పెద్ద మనసు, నాలాంటివాళ్ళను చాలామందిని భరించింది. నా బాధంతా మా ఇంటావిడ మహలక్ష్మమ్మగారి విషయంలో. ఆవిడకు నేను చేసిన ఘనకార్యం వింటే మీరు మొదట నవ్వుతారు, కాసేపటికి ఎందుకు నవ్వామా అనుకుంటారు. ఆ రెండూ మీ ఇష్టం. సిగ్గుపడే పని మాత్రం నాకు వదిలెయ్యండి, ఇన్నేళ్ళుగా నాకది అలవాటైపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజోలు దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో నాకు సోషల్ మాస్టరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. పుట్టింది కోనసీమలోనే అయినా నేను పెరిగింది అమలాపురం మెయిన్ రోడ్డు పక్క డాబాలో. మట్టి గురించి పుస్తకాల్లో చదివినంతే తెలుసు. నవంబరులో, నాలుగు రోజులుగా వదలని ముసురులో, ఒక ట్రంకు పెట్టె మోసుకుంటూ వచ్చి మహలక్ష్మమ్మగారి ముందుగదిలో అద్దెకు దిగాను. ఆవిడ వరండాలో నవారు మంచం మీద, కాలికి పిండికట్టుతో కూర్చుని ఉంది. ఆగస్టులో వరదల రోజుల్లో భర్త పేర్రాజుగారు పోయారట. ఆ వారంలోనే పెరటిమెట్ల మీద జారి ఆవిడ కాలు విరిగిందట. సరిగ్గా అతకలేదని మళ్ళీ కట్టు కట్టారట.

ఈ మూడు 'అట'లకు మించి నేనేమీ అడగలేదు. సుమేరు రాజులు చనిపోతే వాళ్ళతోపాటు సమాధిలోకి ఎవరెవరు వెళ్ళారో నాకు కంఠతా వచ్చు. నేనుంటున్న ఇంటాయన ఎలా పోయాడో తెలుసుకోవాలని మాత్రం తోచలేదు. హాల్లో గోడమీద ఆయన ఫోటో ఉండేది. తెల్లపంచె, లాల్చీ, కుర్చీ చేతిమీద ఆనించిన కుడిచెయ్యి, దాని మణికట్టుకు లావుపాటి కడియం. రోజూ ఆ ఫోటో కిందనుంచే నూతి దగ్గరికి వెళ్ళి స్నానం చేసి వచ్చేవాణ్ణి. చూడ్డం వేరు, కనబడ్డం వేరు అని నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో నాకో జబ్బుండేది. దేన్ని చూసినా ప్రాచీన నాగరికతలతో పోల్చాలి. వంటిల్లు కారితే ఈజిప్టువాళ్ళ రాతికట్టడాలు గుర్తొచ్చేవి. పంచాయతీ మురిక్కాలువ పూడిపోతే, మొహెంజొదారోలో ఇలా జరగనిచ్చేవారు కాదని నలుగురిలో అనేశాను. ఆ మొహెంజొదారో ఏ మండలంలో ఉందని ప్రెసిడెంటుగారు మా హెడ్మాస్టర్ని అడిగారట. నన్ను మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను.

డిసెంబరులో స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. సైన్సు మాస్టారు మూర్తిగారు పొగ కక్కే అగ్నిపర్వతం చేయిస్తున్నారు. నేను నాలుగు గడుల చార్టు ఒకటి రాశాను. సుమేరు, ఈజిప్టు, సింధు, చైనా. ఒక్కొక్క దాని కింద రాజ్యం, సంఘం, సంస్కృతి. ఈజిప్టులో రాజే దేవుడు. సుమేరులో రాజు దేవుడి గుమాస్తా, మట్టిపలకల మీద గుడి ధాన్యం లెక్కలు రాయించేవాడు. సింధులో వీధులున్నాయి, కాలువలున్నాయి, రాజు మాత్రం ఎక్కడా కనబడడు. చైనాలో రాజుకు సందేహం వస్తే ఎముకల మీద ప్రశ్న గీయించి, పోయిన పెద్దల్ని అడిగేవాడు. ఇదంతా నిలబడి ఏకబిగిన చదివి వినిపిస్తే, హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక్కమాటే అన్నారు.

"బాగుందండి. కానీ అవతల పొగొస్తుంటే ఇవతల చార్టెవరు చూస్తారండి?"

ఆ మాట నన్ను తినేసింది. కనీసం సుమేరువాళ్ళలా మట్టిపలకలైనా చేసి పెడదామనుకున్నాను. ఇంటికొచ్చి, పిన్నిగారూ, దొడ్లో కాస్త బంకమట్టి తీసుకోనా అని అడిగాను.

"తీసుకోండి మేష్టారూ, అడగాలా. ఆ మూల గంగాబొండం చెట్టు మొదట్లో మాత్రం వద్దండి."

పొట్టి కొబ్బరిచెట్టు కదా, వేళ్ళు తెగుతాయని ఆవిడ భయం కాబోలనుకున్నాను. తోటలో నాలుగుచోట్ల పార వేశాను. వేసినచోటల్లా కొబ్బరివేళ్ళు అల్లుకున్న నేల నా చేతుల్నే వెనక్కి తోసింది. బొబ్బలెక్కాయి. చివరికి ఆ మూలకే వెళ్ళాను. అక్కడ మాత్రం మట్టి వెన్నలా దిగింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి నా తెలివిని చూడండి. పురాతత్త్వ పాఠాల్లో మొదటి పాఠం, నేల ఒకచోట మెత్తగా ఉంటే ఎవరో ఈమధ్యనే తవ్వారని అర్థం. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. దొడ్లో మాత్రం నా అదృష్టం పండిందనుకున్నాను.

మూరెడు లోతులో పారకు కుండ తగిలింది. చిన్న మట్టికుండ, మూతికి కుళ్ళిపోయిన గుడ్డపీలిక. లోపల బూడిద, కాలిన ఎముకలు, నల్లగా మాడిన ఒక రాగి కడియం. మళ్ళీ పట్టిన ముసురులో, బురదలో మోకాళ్ళమీద కూర్చుని నేను వణికిపోయాను. భయంతో అనుకునేరు, ఆనందంతో. కడియం రాగిది కనుక తామ్రయుగం. గుడ్డ ఉంది కనుక నేత తెలుసు. కుండ ఉంది కనుక కుమ్మరి ఉన్నాడు. అయిదు నిమిషాల్లో ఒక జాతినంతా పుట్టించి, పెంచి, నాలుగువేల ఏళ్ళ కిందట సమాధి చేసేశాను. గొయ్యి పూడ్చి, కుండను తువ్వాల్లో చుట్టి, ఆవిడ మంచం పక్కనుంచే స్కూలుకు పట్టుకెళ్ళాను. మట్టి దొరికిందా మేష్టారూ అని అడిగింది. దొరికిందండి అన్నాను.

మా నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఏటా వరదొస్తుంది, పాతదాన్ని కప్పేసి పోతుంది. ఇక్కడ మూరెడు లోతులో తాతగారి గునపం దొరకడమే గగనం. ఈ సంగతి ఊళ్ళో గేదెలకు కూడా తెలుసు. హెడ్మాస్టరుగారికీ తెలుసు కాబట్టే, ఎముకలు చూసి ముందు పోలీసులకు చెబుదామన్నారు. నాలుగువేల ఏళ్ళనాటి కేసుకు పోలీసులేం చేస్తారండి అన్నాను. మూర్తిగారు ఒక ఎముకను వెలుగులో పెట్టి చూసి, మరీ తెల్లగా ఉందేవిటన్నారు. మీ అగ్నిపర్వతం సంగతి మీరు చూసుకోండి అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఒక ఎముక ముక్కను ఫిల్మ్ రోలు డబ్బాలో పెట్టి, కాలనిర్ణయం చెయ్యమని విశాఖపట్నంలో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరుగారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపేశాను. చార్టుకు అయిదో గడి అతికించి, గోదావరి పాయల మధ్య ఊరు కదా, పైన 'మన లంక నాగరికత' అని రాశాను.

ఎగ్జిబిషన్ రోజు అగ్నిపర్వతం దగ్గర ఈగలు లేవు. ఊరంతా నా బల్ల దగ్గరే. కుండకు బంతిపూలు కూడా పెట్టారెవరో. మధ్యాహ్నం రిక్షా ఒకటి వచ్చి ఆగింది. చేతికర్ర ఊతతో మహలక్ష్మమ్మగారు దిగింది, ఒక పక్క ఆవిడ మరిదిగారి కొడుకు సత్తిబాబు పట్టుకున్నాడు. అతను అంబాజీపేటలో కొబ్బరికొట్టు గుమాస్తా. ఆవిడ కాలి కట్టు విప్పి రెండు రోజులే అయింది. నాలుగు నెలల తర్వాత ఆవిడ గడప దాటడం అదే మొదలు. మా మేష్టారు ఏదో కనిపెట్టేరట, నేను చూడకపోతే ఎలా అని బయల్దేరిందట. ఆవిడ మొహంలో గర్వం చూసి నా ఛాతీ ఇంకాస్త పొంగింది.

"నాకు చదువు రాదండి. అందులో ఏం రాసేరో కాస్త చెప్పండి మేష్టారూ," అంది.

బెత్తం తీసుకున్నాను. ఈజిప్టు రాజుల్ని బంగారంతో, మంచాలతో, పడవలతో పాతిపెట్టేవారని చెప్పాను. సుమేరులో ఉర్ అనే పట్నంలో రాణిగారికి తోడుగా పరిచారికలు కూడా గోతిలోకి దిగారని చెప్పాను. సింధులో నాలుగు కుండలు పెట్టి పంపేవారని చెప్పాను. ఆవిడ ప్రతిదానికీ ఆయ్ ఆయ్ అంటూ శ్రద్ధగా వింది. ఇక అయిదో గడికొచ్చి, గొంతు సవరించుకుని, నేను రాసింది రాసినట్టు చదివాను.

'సంస్కృతి: రాగి తెలుసు, నేత తెలుసు. రాజ్యం: రాజు లేడు, కడియాన్ని బట్టి ఇతడొక చిన్న నాయకుడు కావచ్చు. సంఘం: సమాధిలో వస్తువులు లేవు, తోడు ఎవరూ లేరు. ఆదరాబాదరాగా, ఒంటరిగా పాతిపెట్టారు. కనుక ఇతనికి భార్యాబిడ్డలు లేరు. ఉన్నా వారికి ఇతనిపై ప్రేమ లేదు.'

ఆవిడ ఆయ్ అనలేదు. దూదిమీద పెట్టిన కడియాన్ని చూస్తోంది.

"అదొకసారి ఇటిస్తారా అండి?"

"ముట్టుకోకూడదండి పిన్నిగారూ. నాలుగువేల ఏళ్ళ నాటిది."

"లోపలివేపు చిన్న సొట్ట ఉండాలండి. రోలుకి కొట్టుకుందప్పుడు."

తిప్పి చూశాను. సొట్ట ఉంది. సత్తిబాబు మొహం పాలిపోయింది. అతనికి నాకంటే ముందే అర్థమైంది, కుండను చెట్టు మొదట్లో పాతింది అతనే కదా.

"కీళ్ళనొప్పులకని రాజోల్లో నేనే చేయించేనండి. పోయేనాటికి చెయ్యి వాచిపోయి ఊడి రాలేదు. అస్తికలు ఏరినప్పుడు అది కూడా ఆయన కుండలోనే వెయ్యమన్నాను."

బల్ల చుట్టూ ఉన్న జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి చూసి నవ్వుతారు గాని, వాడు నా కంటే నయం. నేను దొడ్డి తవ్వి ఇంటాయన్ని పట్టుకొచ్చాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లోవాళ్ళనే రచ్చకెక్కించాను. ఈ సామెతలన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు కడియాన్ని మళ్ళీ దూదిమీద పెట్టి, బెత్తం బల్ల కింద దాచాను.

మరి ఇన్నాళ్ళూ నీళ్ళలో కలపకుండా ఎందుకుంచారమ్మా అని హెడ్మాస్టరుగారు మెల్లగా అడిగారు.

"సత్తిబాబు మూడోనాడే తీసుకెళతానన్నాడండి. నేనే వద్దన్నాను. నలభై ఏళ్ళు కలిసున్నాం, నేను లేకుండా ఆయన్నొక్కణ్ణీ పంపనన్నాను. నా కాలు నడిచేదాకా ఉంచమన్నానండి." అని నావైపు తిరిగింది. "మేష్టారూ, ఆ భార్యకి ప్రేమ లేదని మీకెలా తెలిసిందండి?"

వెటకారం కాదు. నేను చదువుకున్నవాణ్ణి కనుక నిజంగానే నాకేదో తెలిసే ఉంటుందని, అదేదో తెలుసుకుందామని అడిగింది. సత్తిబాబు నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకోవాలి కూడా. వదలరా అని ఆవిడే వదిలించింది. అతని భుజం మీది తువ్వాలు తీసి కుండమీద కప్పి, కాసేపు దానిమీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇందులో ఆయన అంతా ఉన్నారా అండి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. దేవుడి ముందు ఒప్పుకుంటున్నాను, అనుకున్నాను. కానీ ఆ మొహం చూశాక నోరు రాలేదు.

"ఒక చిన్న ముక్క లేదండి. పోస్టులో పంపేను."

"ఎక్కడికండి?"

"విశాఖపట్నం అండి."

ఆవిడ కుండమీది తువ్వాలు సర్దింది. తర్వాత, "ఆయన రాజోలు దాటి ఎప్పుడూ ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళలేదండి," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. గది ఖాళీ చెయ్యమంటే ఇంకా బాగుండేది. ఖాళీ చేస్తానని నేనే అన్నాను. ఆయన వచ్చేదాకా మీరెక్కడికీ కదలడానికి వీల్లేదంది. పై గురువారం అంతర్వేదికి వెళ్ళి కలపాలని ఆవిడ అంతకుముందే మంచిరోజు చూపించుకుంది. ఇప్పుడు అది ఆగిపోయింది. సగం మనిషిని ఎలా పంపుతానండి అంది. కుండ మళ్ళీ చెట్టు మొదట్లోకే వెళ్ళింది. ఈసారి గొయ్యి నేను తీశాను, సత్తిబాబు పక్కన నిలబడి లోతు చూశాడు.

మర్నాడే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళాను. ప్రొఫెసరుగారి ఇంటికి తాళం. ఎప్పుడొస్తారో పక్కింటివాళ్ళకు తెలియదు. ఒక చీటీ రాసి తలుపు కిందనుంచి తోసి, వానలో తడుస్తూ తిరిగొచ్చాను. అక్కణ్ణుంచి నా బతుకు పోస్టుమాన్ చేతిలో పడింది. రోజూ సాయంత్రం స్కూలునుంచి వచ్చి గేటు తియ్యగానే మంచం మీదనుంచి అదే ప్రశ్న.

"ఆయన వచ్చేరా అండి?"

"ఇంకా రాలేదండి పిన్నిగారూ."

కొత్తగా ఎవరైనా వింటే, ఆయన ఏ పొరుగూరో పెళ్ళికి వెళ్ళి ఆలస్యం చేస్తున్నాడనుకుంటారు. నాకు అన్నం సయించేది కాదు. ఆ చిన్న డబ్బా ఏ సంచిలోనో జారిపోయి ఉంటుందని, ఏ స్టేషన్లోనో దొర్లుతోందని ఊహించుకునేవాణ్ణి. క్లాసులో ఈజిప్టు పాఠం వచ్చింది. పిల్లలు సమాధుల గురించి అడిగితే, పుస్తకం చూసి చదువుకోమన్నాను. ఫోటో కిందనుంచి నూతి దగ్గరికి వెళ్ళేటప్పుడు తల దించుకుని వెళ్ళేవాణ్ణి. ఆయన నన్ను చూస్తూనే ఉండేవాడు.

ఒక సాయంత్రం ఆవిడ నన్ను మంచం దగ్గరికి పిలిచి, ఆ అయిదో గడి ఇంకా ఉంచేరా అని అడిగింది. చింపేద్దామనుకుంటున్నానన్నాను. చింపకండి, సరిచేసి రాయండి అంది. ఏం రాయమంటారని అడిగాను. ఆరోజు మొదటిసారి, చీకటి పడేదాకా, పేర్రాజుగారి గురించి విన్నాను. ఆయనకు గొడుగు మరచిపోయే అలవాటట. ఎక్కడికి వెళ్ళినా ఒక్కసారికే తిరిగొచ్చేవాడు కాదట. వీధి మలుపుదాకా వచ్చి, గొడుగు కోసం మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడట. ఆవిడ వరండాలో నిలబడి ఆయన రెండోసారి వచ్చేదాకా చూసేదట. ఒక మనిషి గురించి తెలుసుకోవడానికి పార అక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది.

జనవరి వెళ్ళిపోయాక రిజిస్టర్డ్ కవరు వచ్చింది. లోపల అదే డబ్బా, నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం. మంచం పక్కన కూర్చుని ఆవిడకు చదివి వినిపించాను.

'చిరంజీవికి ఆశీస్సులు. ఊళ్ళో లేనందున ఆలస్యమైంది. నువ్వు పంపినదానికి కాలనిర్ణయం అక్కర్లేదు. ఇది ఈమధ్య దహనం చేసిన వారి అస్థిక. పోయినవారు నీకేమవుతారో రాయలేదు. వారి కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి తెలియజెయ్యి.'

"ఎంత మంచివారండి," అంది మహలక్ష్మమ్మగారు. డబ్బాను రెండు చేతుల్లోకి తీసుకుంది. "గొడుక్కోసం వెళ్ళేరు, వచ్చేసేరు," అంది. కళ్ళు తుడుచుకుంది.

ఆ వారమే అంతర్వేది వెళ్ళాం. ఆవిడ, సత్తిబాబు, నేను. నన్ను రమ్మని సత్తిబాబు అనలేదు, ఆవిడే అంది. గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఆరోజు మబ్బు, చలిగాలి, ఇసకలో కూరుకుపోయే చేతికర్ర. ఒక పక్క సత్తిబాబు, ఇంకో పక్క నేను పట్టుకుని ఆవిణ్ణి నీళ్ళదాకా నడిపించాం. పురోహితులవారు గోత్రం అడిగి, పేరడిగి, పోయి ఎన్నాళ్ళయిందమ్మా అని అడిగారు.

ఆవిడ నావైపు చూసింది. మొహంలో ఏమీ లేదు.

"మేష్టార్ని అడగండి బాబూ. నా లెక్కకి ఆరు నెలలండి. ఈయన లెక్కకి నాలుగువేల ఏళ్ళు."

ముందు సత్తిబాబు నవ్వాడు. నవ్వకూడని చోట నవ్వొచ్చి, కుండను పొట్టకు అదుముకున్నాడు. తర్వాత ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. దాచుకోలేక నీళ్ళవైపు తిరిగి నిలబడ్డాను. అస్థికలు సత్తిబాబు కలిపాడు. కడియాన్ని ఆవిడే, మోకాళ్ళదాకా దిగి, చెయ్యి చాపి వదిలింది.

ఆ చార్టు నా దగ్గర ఇంకా ఉంది. అయిదో గడిలో కొట్టివేతలు పోగా మిగిలింది ఇది. 'రాజ్యం: లేదు. సంస్కృతి: గొడుగు మరచిపోవడం. సంఘం: భార్య ఉంది. తను లేకుండా ఆయన్ని పంపలేదు.' ఈజిప్టు రాజుల బంగారం పక్కన ఆ గడి ఏం తీసిపోలేదని నా అభిప్రాయం.

కనుక యావన్మంది పాఠకుల ఎదుట, నవారు మంచం సాక్షిగా, గంగాబొండం చెట్టు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా నేను పార పట్టను, పూలకుండీలో కూడా. మెత్తని నేల కనబడితే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను. ఏ కాలంలో పోయిన ఏ మనిషి గురించీ ఇతనికి ఎవరూ లేరని రాయను. రాయక తప్పని పరిస్థితే వస్తే, ముందు వరండాలోకి వెళ్ళి, మంచం మీద ఎవరైనా కూర్చుని ఉన్నారేమో చూసి వస్తాను.